వాయించి చూపలేని గురువు

కుడిచేతి రెండు వేళ్ళు మొరాయించడంతో 36 ఏళ్ళకే రెండు చేతుల కచేరీలకు దూరమైన పియానిస్టు లియోన్ ఫ్లైషర్. ఆరు దశాబ్దాలు పాఠం చెప్పి, ఒక తరం పియానో కళాకారులను తయారు చేశారు. ఆయన బతుకు చదివితే ‘బతకలేక బడిపంతులు’ అన్న మాట ఎంత తేలికగా అనేస్తామో అర్థమవుతుంది.

1982 సెప్టెంబరు 16. అమెరికాలోని బాల్టిమోర్‌లో కొత్తగా కట్టిన మేయర్‌హాఫ్ సింఫనీ హాలు ఆ రాత్రే తలుపులు తెరిచింది. కుర్చీలన్నీ నిండాయి. పియానో ముందు కూర్చున్న గడ్డపాయనకు 54 ఏళ్ళు. రెండు చేతులతో ఆయన జనం ముందు వాయించి పదిహేడేళ్ళయింది. ఆర్కెస్ట్రాతో కలిసి బీథోవెన్ నాలుగో కాంచెర్టో వాయించాలన్నది మొదటి ఆలోచన. దగ్గరపడేకొద్దీ ధైర్యం చాలక, కుడిచేతికి కాస్త వెసులుబాటు ఉంటుందని సెజార్ ఫ్రాంక్ ‘సింఫనిక్ వేరియేషన్స్’కి మారారు. అది అయ్యాక హాలు హాలంతా లేచి నిలబడింది. కొసరుగా షోపాన్ నాక్టర్న్ కూడా వాయించారు. పోయిందనుకున్న చెయ్యి తిరిగొచ్చిందని అందరూ సంబరపడ్డారు. అది రాలేదని తెలిసింది ఆ వేదిక మీద ఉన్న ఒక్కరికే. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఇంకా లోపలికే లాగుతున్నాయి. ఆ రాత్రి గట్టెక్కినా రేపు ఎక్కుతాననే నమ్మకం లేదు. రెండు చేతుల కచేరీల ఆలోచన మానుకుని ఆయన తిరిగి తన క్లాసుగదికి వెళ్ళిపోయారు.

నలభై మూడేళ్ళ తర్వాత, 2025 అక్టోబరులో, పియానో లోకం చూపంతా పోలండ్ రాజధాని వార్సా మీద ఉంది. ఐదేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ షోపాన్ పోటీల్లో అమెరికా కుర్రవాడు ఎరిక్ లూ మొదటి బహుమతి గెలుచుకున్నాడు. ఇలాంటి పోటీ ముగియగానే రివాజుగా వచ్చే ప్రశ్న ఈసారీ వచ్చింది: ఎవరి శిష్యుడు? లూ గురువుల్లో ఒకరు 1980లో ఇదే పోటీ గెలిచిన వియత్నాం పియానిస్టు డాంగ్ థాయ్ సన్. మరొకరు జొనాథన్ బిస్. ఆ బిస్ గురువే బాల్టిమోర్ వేదిక మీది గడ్డపాయన, లియోన్ ఫ్లైషర్. ఆయన 2020లో 92వ ఏట కన్నుమూశారు. పోయి ఐదేళ్ళయినా విజేతల వంశవృక్షంలో ఇంకా ఎక్కడో ఒకచోట ఆయన పేరు తగులుతూనే ఉంది.

ఫ్లైషర్ కథను మామూలుగా ఒక విషాదంగా, చివర్లో కాస్త వెలుగు పడిన విషాదంగా చెబుతారు. గొప్ప కళాకారుడు, చెయ్యి పడిపోయింది, దిక్కులేక పాఠాలు చెప్పుకున్నాడు, ముసలితనంలో వైద్యం ఫలించి మళ్ళీ వాయించాడు. సినిమాకు సరిపడే కథే. కానీ ఇందులో మూడోవంతు తప్పు ఉంది. పాఠం చెప్పడం ఆయనకు దిక్కులేని పని కాదు. చెయ్యి పోక ముందే, 1959లోనే, బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత విద్యాలయంలో చేరారు. అప్పటికి ఆయన పేరు మారుమోగుతోంది, రికార్డులు అమ్ముడుపోతున్నాయి. జబ్బు ఆయన్ను గురువుని చెయ్యలేదు. అది చేసిన పని వేరే: వాయించి చూపే వీలు లేకుండా చేసి, ఆయన పాఠం చెప్పే తీరు మార్చింది. ఆ మార్పులోనే ఆయన గొప్పదనం ఉందన్నది ఈ కథనం వాదన.

భోజనాల వేళ దొడ్డిదారిన

1928 జులై 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు ఫ్లైషర్. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. తండ్రి టోపీలు తయారుచేసేవాడు. అమ్మకు కొడుకు మీద రెండే ఆశలు: అమెరికా అధ్యక్షుడన్నా కావాలి, గొప్ప పియానిస్టన్నా కావాలి. పియానో పాఠాలు పెట్టించింది మాత్రం పెద్దవాడికి. అన్న పాఠం అయిపోయి ఆటకు పోగానే, మూల కూర్చుని విన్న చిన్నవాడు వెళ్ళి అదే వాయించేసేవాడట. దాంతో పాఠాలు తమ్ముడికి మారాయి.

ఆ రోజుల్లో బీథోవెన్ అంటే ఆర్తర్ ష్నాబెల్. బీథోవెన్ 32 సొనాటాలనూ మొట్టమొదట రికార్డు చేసిన ఘనత ఆయనది. హిట్లర్ రాకతో బెర్లిన్ వదిలి వచ్చేశారు. బాలమేధావులంటే ఆయనకు గిట్టదు, పసిపిల్లల్ని చేర్చుకోరు. శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీకి ఒకప్పుడు సారథ్యం వహించిన ఆల్‌ఫ్రెడ్ హెర్ట్స్ దీనికో ఉపాయం పన్నాడు. ష్నాబెల్‌ను ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన భోంచేస్తుండగా తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి దొడ్డిదారిన ఇంట్లోకి తెచ్చి పియానో ముందు కూర్చోబెట్టాడు. భోజనం ముగించి వచ్చిన పెద్దాయనకు వినక తప్పలేదు. విన్నాక కాదనలేకపోయారు. షరతు మాత్రం పెట్టారు: తన దగ్గర నేర్చుకునేటప్పుడు కచేరీలు కూడదు. కొడుకును లోకానికి చూపించాలని ఉవ్విళ్ళూరే తల్లికి అది చేదు మాత్రే, అయినా మింగింది. 1938లో ఆ పిల్లవాడు ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున ష్నాబెల్ ఉండే ట్రెమెజో ఊరికి చేరాడు.

ష్నాబెల్ క్లాసు గురించి ఒక సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది. ఆయన పాఠం ఒక్కరికి చెబుతుంటే మిగతా శిష్యులంతా అక్కడే కూర్చుని వినాలి. ఒకరు బ్రామ్స్ తెస్తారు, ఇంకొకరు షూబర్ట్. తన పాఠం గంట, పక్కవాళ్ళ పాఠాలు అయిదారు గంటలు. తన వేళ్ళు పియానో మెట్ల మీద లేనప్పుడు మనిషి ఎక్కువ వింటాడు. వాయించకుండా నేర్చుకోవడం ఫ్లైషర్‌కు అలా తొమ్మిదో ఏటే అలవాటైంది.

> బీథోవెన్ నుంచి ఐదో మెట్టు, త్యాగయ్య నుంచి ఐదో మెట్టు
>
> బీథోవెన్ (1770–1827) శిష్యుడు కార్ల్ చెర్నీ. పియానో నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ తిట్టుకుంటూ వాయించే వేళ్ళ కసరత్తులు ఆయనవే. చెర్నీ శిష్యుడు థియొడోర్ లెషెటిట్‌స్కీ. ఆయన శిష్యుడు ష్నాబెల్. ష్నాబెల్ శిష్యుడు ఫ్లైషర్.
>
> బీథోవెన్‌కు సమకాలికుడు మన త్యాగరాజస్వామి (1767–1847). ఆయన శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గర నేర్చినవారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ.
>
> ఫ్లైషర్ పుట్టింది 1928లో, బాలమురళి 1930లో. రెండు పరంపరల్లోనూ మూలపురుషుడితో కలిపి లెక్కిస్తే వీళ్ళది ఐదో స్థానమే.

పదేళ్ళు నేర్పి, పంతొమ్మిదో ఏట ‘ఇక నీ దారి నువ్వు చూసుకో’ అని ష్నాబెల్ పంపేశారు. ఫ్లైషర్‌కు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అప్పటికే పేరుంది. 1944లో, పదహారేళ్ళకు, న్యూయార్క్ ఫిల్‌హార్మానిక్‌తో కార్నెగీ హాలులో బ్రామ్స్ మొదటి కాంచెర్టో వాయించాడు. సారథి పియెర్ మాంటో ఆ కుర్రవాణ్ణి శతాబ్దపు దొరకుబడి అని మెచ్చుకున్నాడు. అయినా గురువు చెంత లేకపోయేసరికి ఏది సరో ఏది కాదో తేల్చుకోలేక కొన్నేళ్ళు తడబడ్డాడు. పారిస్ చేరి అక్కడే ఉండిపోయాడు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచాక గానీ గాడిన పడలేదు. ఆ బహుమతి అందుకున్న మొదటి అమెరికన్ ఆయనే. తర్వాత పదేళ్ళు వెనక్కి తిరిగి చూడలేదు. జార్జ్ సెల్ సారథ్యంలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో బీథోవెన్ ఐదు కాంచెర్టోలు, బ్రామ్స్ రెండూ రికార్డు చేశారు. అవి ఇవాళ్టికీ అంగట్లో దొరుకుతాయి, ఇవాళ్టికీ మొదటి వరసలోనే ఉంటాయి.

రెండు వేళ్ళు

1964లో కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు బద్ధకించడం మొదలుపెట్టాయి. కారణం సాధన చాలకపోవడమే అనుకున్నారు ఆయన. సాధన పెంచారు. ఎంత పెంచితే అంత ముడుచుకున్నాయి. నెలలు గడిచేసరికి పియానో ముందు కూర్చోగానే ఆ రెండు వేళ్ళూ అరచేతిలోకి మడత పడిపోయేవి. 1965లో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రా సోవియట్ యూనియన్ పర్యటనకు సిద్ధమైంది. వాయించాల్సింది ఫ్లైషర్. ఆ చేత్తో వెళ్ళలేరని తేలాక తప్పుకున్నారు. అప్పటికాయనకు 36 ఏళ్ళు.

అప్పటి వైద్యులకు ఇదేమిటో తెలియదు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఆక్యుపంక్చర్, ఇంజెక్షన్లు, హిప్నాటిజం, మానసిక చికిత్స, ఎవరేది చెబితే అది. ఏదీ పనిచెయ్యలేదు. కుటుంబం చెదిరింది. చచ్చిపోదామన్న ఆలోచన కూడా వచ్చిందని తర్వాతి రోజుల్లో తానే దాచుకోకుండా చెప్పారు. జుట్టు పెంచి పిలక కట్టారు, గడ్డం పెంచారు, వెస్పా స్కూటరు కొన్నారు. నడివయసు మనిషి దుఃఖం ఏ రూపంలోనైనా బయటపడవచ్చు. ఇక్కడ అది స్కూటరెక్కింది.

> జబ్బు చేతిలో కాదు, మెదడులో
>
> దీన్ని ఇప్పుడు ఫోకల్ డిస్టోనియా అంటున్నారు. మెదడులో ఒక్కో వేలికీ విడిగా ఉండాల్సిన స్థానాలు, ఒకే కదలిక వేలసార్లు చేయగా చేయగా, ఒకదానిలోకొకటి కలిసిపోతాయని వైద్యుల అవగాహన. ఒక వేలిని కదపమంటే పక్క వేలూ కదులుతుంది, లేదా ముడుచుకుంటుంది. సాధారణంగా నొప్పి ఉండదు. విచిత్రమేమంటే అన్నం తినేటప్పుడు, చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు రాని పేచీ, వాయిద్యం ముట్టుకోగానే వస్తుంది. పియానో, గిటారు, వయొలిన్, గాలి వాద్యాల కళాకారులకు, ఎక్కువగా రాసేవాళ్ళకు కూడా రావచ్చు. పూర్తిగా నయం చేసే మందు లేదు. ముడుచుకునే కండరాన్ని బొటాక్స్ ఇంజెక్షన్‌తో కొద్ది నెలలపాటు బలహీనపరచి ఉపశమనం కలిగిస్తారు.

తన జబ్బుకు తన సాధన తీరే కారణమని ఫ్లైషర్ జీవితాంతం చెప్పుకున్నారు. కండలు పెంచేవాడు బరువులెత్తినట్టు పియానో వాయించానని ఆయన ఆరోపణ తన మీద తనకే. రోజుకు ఏడెనిమిది గంటలు, వినకుండా, వేళ్ళు అరిగేలా. ఈ నింద పూర్తిగా న్యాయమైనదని అనలేం. అంతే సాధన చేసిన ఎందరికో ఈ జబ్బు రాలేదు, శరీర తత్వానికీ ఇందులో పాత్ర ఉందని వైద్యం అంటోంది. అయితే శిష్యులకు మాత్రం ఆ నింద మేలు చేసింది. నొప్పి పుడితే ఆపెయ్యండి, అలసిన చేతితో వాయించకండి, వినే ఓపిక లేనప్పుడు మెట్ల జోలికి పోకండి అని చెప్పే హక్కు ఆయనకన్నా ఎవరికుంది?

ఒకే మనిషిలో ముగ్గురు

చెయ్యి బాగున్న రోజుల్లో తన పాఠం ఎలా ఉండేదో ఫ్లైషర్ చాలాసార్లు చెప్పుకున్నారు. శిష్యుడు ఎక్కడన్నా తడబడితే, లేవమని పక్కకు నెట్టి, తాను కూర్చుని వాయించి ‘ఇలా’ అనేవారు. పని తేలిక. ఇద్దరికీ తృప్తి. 1964 తర్వాత ఆ దారి మూసుకుపోయింది. ‘ఇలా’ అన్న రెండక్షరాల్లో ఏమేం ఉందో విప్పి చెప్పాల్సి వచ్చింది.

దీనిలోని కష్టం తెలియాలంటే ఒక ఉదాహరణ చూడాలి. షూబర్ట్ చివరి సొనాటా, బి ఫ్లాట్‌లో ఉన్నది. నెమ్మదిగా, దాదాపు గుసగుసగా ఒక పాట లాంటి వరస మొదలవుతుంది. ఆ వాక్యం చివర, పియానో అట్టడుగున ఎడమచేతి వైపు ఒక కంపిత స్వరం లేస్తుంది. ఎక్కడో దూరాన ఉరుము లాంటి చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. పాట మళ్ళీ మొదలవుతుంది. చెయ్యి ఉన్న గురువు ఆ ఉరుమును తాను వాయించి చూపిస్తే చాలు, శిష్యుడు పట్టుకుంటాడు. వాయించలేని గురువు అడగాలి: ఆ చప్పుడు పాటలోంచి వస్తోందా, బయటినుంచి వచ్చి పాటను ఆపుతోందా? నిశ్శబ్దం ముందు చప్పుడుకు కొనసాగింపా, తర్వాతి పాటకు ఊపిరి తీసుకోవడమా? నువ్వు మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఆ ఉరుము విన్నవాడిలా వాయిస్తావా, విననట్టే వాయిస్తావా? ఈ ప్రశ్నలకు జవాబు శిష్యుడు తానే వెతుక్కోవాలి. వెతుక్కున్న జవాబు గురువుగారి చేతిలోది కాదు గనుక అది అతనిదే అవుతుంది.

ఫ్లైషర్ క్లాసులో బాగా పేరుపడ్డ పాఠం ఒకటుంది. వాయించేవాడు ఒక్కడు కాదు, ముగ్గురని ఆయన చెప్పేవారు. మొదటివాడు వేలు పడకముందే తనకు ఏ ధ్వని కావాలో లోపల వింటాడు. రెండోవాడు వాయిస్తాడు. మూడోవాడు కాస్త ఎడంగా కూర్చుని, వచ్చిన ధ్వని మొదటివాడు కోరినదేనా అని తూకం వేసి, తేడా ఉంటే వెంటనే మొదటివాడికి చెబుతాడు. ఈ మూడూ ఒకే తలలో, ఒకే క్షణంలో, కచేరీ ఆసాంతం సాగాలి. చాలామంది యువ వాద్యకారుల్లో రెండోవాడు ఒక్కడే పనిచేస్తుంటాడని ఆయన ఫిర్యాదు. ఇప్పుడు ఫ్లైషర్ పరిస్థితి చూడండి. జబ్బు ఆయనలో పడగొట్టింది ఆ రెండోవాణ్ణి మాత్రమే. మొదటివాడూ మూడోవాడూ నిక్షేపంగా ఉన్నారు, పైగా వాళ్ళకు తీరిక దొరికింది. వినడమే పనిగా మారిన మనిషి ఇతరుల చేతుల్లోని ధ్వనిని ఎంత నిశితంగా వినగలడో పీబాడీలో చేరిన పిల్లలకు తెలిసొచ్చింది. ష్నాబెల్ దగ్గర పక్కవాడి పాఠం వింటూ గంటలు గడిపిన అలవాటు ఇక్కడ అక్కరకొచ్చింది. తన క్లాసులోనూ ఆ పద్ధతే పెట్టారు.

ఇదంతా ఓదార్పు మాటలేనా?

ఇక్కడ ఒక సందేహం న్యాయంగానే వస్తుంది. ఎవరికో జబ్బు చేస్తే, ‘అంతా మన మంచికే’ అని పక్కనున్నవాళ్ళు చెప్పడం సులువు. ముప్ఫై ఏళ్ళు చెయ్యి పనిచెయ్యని మనిషికి అది మంచికే అయిందనడం క్రూరం కాదా? క్రూరమే. ఫ్లైషర్ ఎన్నడూ అలా ఊరడిల్లలేదు కూడా. రోజూ పియానో దగ్గరికి వెళ్ళి ఆ రెండు వేళ్ళూ ఇవాళేమన్నా కనికరించాయా అని చూసుకునేవారు. 1982 కచేరీకి సిద్ధపడిందీ, ఆ తర్వాత కుంగిపోయిందీ ఆ ఆశతోనే. గురుపీఠం దొరికింది కదా అని వేదికను మరిచిపోయిన మనిషి కాడు. జబ్బు మంచిదైందని చెప్పడం వేరు, జబ్బు వల్ల అతని పాఠంలో ఫలానా మార్పు వచ్చిందని చెప్పడం వేరు. నష్టం నష్టమే. బీథోవెన్ సొనాటాలు తన ముప్ఫైల్లో, నలభైల్లో, యాభైల్లో ఫ్లైషర్ ఎలా వాయించి ఉండేవారో లోకానికి ఎన్నటికీ తెలియదు. ఆ ఖాళీని ఎంతమంది శిష్యులు కలిసినా పూడ్చలేరు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఆయన శిష్యులు మామూలువాళ్ళా? ఆండ్రే వాట్స్ పదహారేళ్ళకే, 1963లో, గ్లెన్ గూల్డ్ రాలేకపోయిన కచేరీలో బెర్న్‌స్టైన్ సారథ్యంలో లిస్ట్ కాంచెర్టో వాయించి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాతే ఫ్లైషర్ దగ్గర చేరాడు. బిస్ చదివిన ఫిలడెల్ఫియాలోని కర్టిస్ విద్యాలయం ఫీజు తీసుకోదు, ఏటా గుప్పెడుమందినే చేర్చుకుంటుంది. అలాంటి మెరికల్ని చేతిలో పెడితే ఎవరైనా పైకి తెస్తారు కదా? బహుమతులు, పేరు లెక్కలోకి తీసుకుంటే ఈ వాదన నిలుస్తుంది. అందుకే గురువుకు వేరే పరీక్ష పెట్టాలి. శిష్యులు ఒకరిలా ఒకరు ఉన్నారా? వాట్స్ వాయింపులో లిస్ట్ వైభవం, ఉద్వేగం. యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్ అంటే ప్రకోఫియెవ్, బార్టోక్ కాంచెర్టోల ఉక్కు బలం. బార్టోక్ రికార్డింగుకు గ్రామీ వచ్చింది. కెనడా వాడైన లూయీ లోర్టీ షోపాన్, రవెల్ వైపు మొగ్గాడు. బిస్ 32 బీథోవెన్ సొనాటాలూ రికార్డు చెయ్యడమే కాక, వాటి మీద 2013లో ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పాఠాలు చెప్పాడు. రికార్డులు పక్కపక్కన పెట్టి వింటే వీళ్ళంతా ఒకే గది నుంచి వచ్చారని పోల్చుకోవడం కష్టం. అచ్చుపోసి తీసిన గురువు దగ్గర ఇలా జరగదు.

మరి వాయించి చూపే గురువులంతా నకళ్ళనే తయారు చేస్తారా? అదీ కాదు. ష్నాబెల్ వాయించి చూపేవారు, ఆయన చేతికింద ఫ్లైషర్ నకలు కాలేదు. మాస్కోలో హైన్రిక్ నైహౌస్ వాయించి చూపించి నేర్పిన రిచ్టర్, గిలెల్స్ ఇద్దరిదీ ఉత్తరదక్షిణ ధ్రువాలంత తేడా. కాబట్టి చెయ్యి పోతేనే మంచి గురువవుతారన్న సూత్రమేదీ ఇక్కడ లేదు. తేలేదల్లా ఇంతవరకే: తెలివైన శిష్యుణ్ణి తనలా మలచుకోవాలన్న ప్రలోభం ప్రతి గొప్ప వాద్యకారుడికీ ఉంటుంది. కొందరు దాన్ని సంయమనంతో జయిస్తారు. ఫ్లైషర్‌కు ఆ అవకాశమే లేకుండా పోయింది. పియానిస్టు గ్యారీ గ్రాఫ్‌మన్‌ది కూడా దాదాపు ఇదే కథ. ఆయన కూడా 1928లోనే పుట్టారు. 1970ల చివర ఆయన కుడిచెయ్యీ మొండికేసింది. 1986లో కర్టిస్ విద్యాలయానికి అధిపతి అయ్యారు. లాంగ్ లాంగ్, యూజా వాంగ్ ఆయన శిష్యులు. ఆ ఇద్దరి వాయింపు విన్నవాళ్ళెవరూ ఒకరిని చూసి ఒకరనుకోరు.

> ఎడమచేతి సంగీతం
>
> కుడిచెయ్యి మొరాయించిన ఏళ్ళలో ఫ్లైషర్ వేదిక మీద ఎడమచేతి రచనలు వాయించారు. వాటిలో చాలావాటికి మూలం, మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న వియన్నా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్. డబ్బున్న ఇంటి బిడ్డ. రవెల్, ప్రకోఫియెవ్, రిచర్డ్ స్ట్రాస్, బెంజమిన్ బ్రిటన్ వంటివారికి పారితోషికమిచ్చి ఎడమచేతి కోసమే రచనలు రాయించుకున్నాడు. రవెల్ కాంచెర్టో 1932లో మొదటిసారి వినిపించింది. హిండెమిట్ రాసిచ్చింది నచ్చక ఎవరికీ చూపకుండా దాచేశాడు. ఆయన పోయాక దశాబ్దాలకు, 2002లో, ఆ కాగితాలు బయటపడ్డాయి. 2004లో బెర్లిన్‌లో దాన్ని మొట్టమొదట వాయించింది లియోన్ ఫ్లైషర్.
>
> 1996లో విలియమ్ బోల్కమ్ రెండు ఎడమచేతి కాంచెర్టోలు రాశాడు. ఒకటి గ్రాఫ్‌మన్‌కు, ఒకటి ఫ్లైషర్‌కు. విడివిడిగా వాయించవచ్చు. రెండూ ఒకేసారి వాయిస్తే మూడో కాంచెర్టో అవుతుంది!

మన పాఠాంతరం సంగతో?

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక మాట అడగవచ్చు. మన దగ్గర విద్య గురుముఖతః రావాలి. గురువుగారు ఒక సంగతి పాడితే శిష్యుడు అచ్చం అలాగే పాడాలి, కాస్త పక్కకు పోతే ‘ఏ పాఠాంతరం?’ అని నిలదీస్తారు. ఆ లెక్కన వాయించి చూపలేకపోవడం వరమెలా అవుతుంది? అది మన సంగీతానికి శాపమే. తేడా సంగీతాల స్వభావంలో ఉంది. బీథోవెన్ సొనాటాలో ప్రతి స్వరం, ఎంతసేపు మోగాలో, ఎంత మెల్లగా మోగాలో కాగితం మీద ఉంది. శిష్యుడి చేతిలో అది ఉండగా గురువు నకలు అక్కర్లేదు. కృతి విషయంలో సాహిత్యం, స్వరం రాసుకున్నా గమకం రాతకు లొంగదు. గురువు గొంతే అక్కడ పుస్తకం. కాబట్టి ఫ్లైషర్ పద్ధతి తెచ్చి వర్ణం దగ్గర మొదలుపెట్టమనడం తెలివితక్కువ. కానీ మన పరంపరలో కూడా పాఠాంతరం ఒక దశ వరకే. ఆ తర్వాత మనోధర్మం. రాగాలాపన, స్వరకల్పన దగ్గర గురువుగారి కాపీ కొట్టినవాణ్ణి ఏ రసికుడూ మెచ్చడు. బాలమురళి పంతులుగారి దగ్గర శ్రద్ధగా నేర్చి, ఆ పైన ఎంత దూరం వెళ్ళారో తెలిసిందే. అనుకరణకు ఎక్కడ గీత గీయాలో రెండు సంప్రదాయాలకూ తెలుసు, గీత గీసే చోటు మాత్రం వేరు.

ఇక పియానో మనకు పరాయిదేమీ కాదిప్పుడు. హైదరాబాద్‌లో, విజయవాడలో కీబోర్డు క్లాసులకు పిల్లల్ని దింపే తల్లిదండ్రులకు, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారం పొద్దున పియానో పాఠానికి కారు తీసే తెలుగువాళ్ళకు లండన్ బోర్డుల గ్రేడ్ పరీక్షలు సుపరిచితం. ఎన్ని గ్రేడ్లు అయ్యాయన్నదే అక్కడ మాట. మూడు ముక్కలు బాగా రుద్ది పరీక్ష గట్టెక్కడం అందరికీ అనువైన దారి. ఫ్లైషర్ చెప్పిన ముగ్గురిలో రెండోవాడికి తర్ఫీదు దొరికినంతగా మిగతా ఇద్దరికీ దొరకదు ఈ ఏర్పాటులో. ‘ఎంతసేపు సాధన చేశావు?’ అని అడిగే ఇంట్లో ‘ఏం విన్నావు?’ అని అడిగేవారు తక్కువ.

చెయ్యి తిరిగొచ్చాక

1990ల్లో ఆయన జబ్బుకు సరైన పేరు, దానితో పాటే బొటాక్స్ ఇంజెక్షన్లు వచ్చాయి. లోతైన మర్దన చికిత్స కూడా తోడైంది. ముడుచుకున్న వేళ్ళు కొంత సడలాయి. పూర్తిగా నయం కాలేదని, తానెప్పటికీ రోగినేనని ఫ్లైషర్ ఇంటర్వ్యూల్లో గుర్తుచేసేవారు. అయినా మొజార్ట్ కాంచెర్టోతో మొదలుపెట్టి మెల్లగా రెండు చేతులతో కచేరీలు ఇచ్చారు. 2004లో ‘టూ హ్యాండ్స్’ అన్న ఆల్బమ్ వచ్చింది. అందులో ముఖ్యమైన రచన పైన చెప్పుకున్న షూబర్ట్ సొనాటాయే. అదే పేరుతో 2006లో వచ్చిన చిన్న డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. 2007లో అమెరికా ప్రభుత్వ ప్రముఖుల సమక్షంలో కెన్నెడీ సెంటర్ గౌరవం అందుకున్నారు.  ఆ షూబర్ట్ రికార్డు మీద రాసినవాళ్ళు చాలామంది చేతి గురించే రాశారు. వినవలసింది చేతిని కాదు. యవ్వనంలో క్లీవ్‌లాండ్‌తో చేసిన రికార్డుల్లోని మెరుపు ఇందులో లేదు. వేగం తగ్గింది, అక్కడక్కడ బిగువు తెలుస్తుంది. కానీ ఆ అడుగు ఉరుము తర్వాతి నిశ్శబ్దాన్ని ఆయన ఎంతసేపు పట్టి ఉంచారో గమనిస్తే, నాలుగు దశాబ్దాలు ఇతరుల చేతుల్లో వింటూ వచ్చిన చెవి అక్కడ పనిచేసిందనిపిస్తుంది.

చెయ్యి వచ్చింది కదా అని క్లాసు మానలేదు. ఇదే ‘బతకలేక’ అన్న సిద్ధాంతానికి గట్టి జవాబు. బతకగలిగిన రోజున కూడా ఆయన బడిపంతులుగానే ఉన్నారు. కర్టిస్‌లో పాతికేళ్ళు, టాంగిల్‌వుడ్ వేసవి శిక్షణ కేంద్రంలో పదకొండేళ్ళు, పీబాడీలో 1959 నుంచి చివరిదాకా. 2020లో కరోనా వచ్చి క్లాసుగదులు మూతపడితే తెర మీద పాఠాలు చెప్పారు. ఆగస్టు 2న చనిపోవడానికి వారం ముందు దాకా అది సాగింది.

ఆయన పాఠం ఎంతవరకు పాకిందో కొలిచే సాధనం లేదు గానీ, ఆండ్రే వాట్స్ చివరి రోజుల సంగతి ఒకటి చెప్పుకోవాలి. వాట్స్ 2004లో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరి, గురువులాగే పాఠాలు చెప్పాడు. కొన్నేళ్ళకు అతని చేతిలోనూ నరం దెబ్బతింది. ఈసారి ఎడమచెయ్యి. శస్త్రచికిత్స తర్వాతా అది మాట వినలేదు. అప్పుడు వాట్స్ రవెల్ ఎడమచేతి కాంచెర్టో కాగితాలు ముందేసుకుని, దాన్ని కుడిచెయ్యి ఒక్కదానితో వాయించేలా తిరగరాసుకున్నాడు. తన గురువు ఏళ్ళ తరబడి ఎడమచేత్తో మోసిన రచన అది. ఎడమచేతిలో బొటనవేలు పైస్థాయి వైపు ఉంటుంది, పాటంతా దాని మీద నడిచేలా రాశాడు రవెల్. కుడిచేతికి వచ్చేసరికి ఆ పని చిటికెన వేలు చెయ్యాలి. వేళ్ళ వరస అంతా మొదటి నుంచి మళ్ళీ ఆలోచించుకోవాల్సిందే. అందులో ఫ్లైషర్ వేళ్ళు చూసి నేర్చుకోగలిగింది ఏదీ లేదు. అట్లాంటా, డెట్రాయిట్ ఆర్కెస్ట్రాలతో కచేరీలు అనుకున్నారు. అవి జరగకుండానే 2023 జులైలో వాట్స్ మరణించాడు.